సింక్ ఉందిలే అనే ధీమా

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో పెద్ద కంపెనీలకు ఐటీ విభాగాలుంటాయి. పాతిక ముప్పై మందితో నడిచే చిన్న యూనిట్‌కు ఉండేది ఒక అకౌంటెంటు, ఆయన ముందు ఒక కంప్యూటర్. పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లకు నెలనెలా పదిహేనో తారీఖు, జీఎస్టీ రిటర్నుకు సాధారణంగా ఇరవయ్యో తారీఖు గడువు. ఇవిగాక కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు, ఫ్యాక్టరీ లైసెన్సు, కరెంటు బిల్లు, బ్యాంకు, ముడిసరుకు ధరల పట్టీలు. అన్నిటికీ దారి బ్రౌజర్‌లో ఏళ్ల తరబడి పేర్చుకున్న బుక్‌మార్కులే. అవి ఒక్కసారిగా పోతే ఎలా అంటే సిద్ధంగా ఉండే జవాబు ‘సింక్ ఆన్‌లోనే ఉంది’. ఆ జవాబులోనే తిరకాసు ఉంది. సింక్ బ్యాకప్ కాదు సరికదా, ఒక్కోసారి బ్యాకప్ చేయాల్సిన పనికి సరిగ్గా ఎదురుపని చేస్తుంది.

సింక్‌కు తెలిసిన విద్య ఒక్కటే, అన్ని పరికరాల్లోనూ ఒకేలా ఉంచడం. ఇక్కడ చేర్చింది అక్కడ చేరుతుంది, ఇక్కడ తుడిచేసింది అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది. ఏమరుపాటుగా ఒక ఫోల్డర్ డిలీట్ కొడితే ఆఫీసు కంప్యూటర్, ఇంట్లో ల్యాప్‌టాప్, జేబులో ఫోను మూడూ ఆ ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటిస్తాయి. పైగా ఆ ఖాతా ఎవరిది? చిన్న ఆఫీసుల్లో క్రోమ్‌కు తగిలించి ఉండేది తరచూ ఉద్యోగి సొంత జీమెయిల్. ఆయన వేరే కంపెనీకి మారిన రోజున, ఇన్నాళ్లూ ఆఫీసు డబ్బుతో, ఆఫీసు వేళల్లో పోగైన దారులన్నీ ఆయన వెంటే వెళ్లిపోతాయి. రెండేళ్లుగా ఎవరూ వాడని ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమల్లోకి తెచ్చింది. అసలు సేవలే మూతపడటమూ కొత్త కాదు. రకరకాల బ్రౌజర్ల మధ్య బుక్‌మార్కులను సింక్ చేసిపెట్టిన ఎక్స్‌మార్క్స్ 2018 మే 1న ఆగిపోయింది. చదవాల్సిన పేజీలను దాచుకోవడానికి ఎందరో నమ్ముకున్న పాకెట్‌ను మొజిల్లా 2025 జులైలో మూసేసింది.

అసలైన బ్యాకప్ ఎలా ఉంటుందో చూడాలంటే పటాన్‌చెరు దాటి వెళ్లనక్కర్లేదు. 1972లో ఇక్కడ ఏర్పాటైన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు చెందిన జన్యు బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల విత్తన నమూనాలు 1,20,000కు పైగా ఉన్నాయి. రోజువారీ అవసరాలకు తీసి ఇచ్చే విత్తనాలను ఒకచోట, దీర్ఘకాలం దాచేవాటిని మైనస్ 20 డిగ్రీల గదిలో మరోచోట ఉంచుతారు. అంతటితో ఊరుకోలేదు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 ఫిబ్రవరిలో ప్రారంభమైన మంచు కొండలోని విత్తన భాండాగారానికి లక్షకు పైగా నమూనాల ప్రతులను పంపారు. అక్కడి పెట్టెలను పంపినవాళ్లు తప్ప ఇంకెవరూ తెరవరు. పటాన్‌చెరులో రేపు కరెంటు పోయినా, నిప్పంటుకున్నా, రికార్డులో తప్పు దొర్లినా ఆ తప్పు తనంతట తాను నార్వే దాకా పోదు. ఈ ఏర్పాటు ఉత్త లాంఛనం కాదని సిరియా యుద్ధంలో తేలిపోయింది. అలెప్పో దగ్గరున్న ఇకార్డా విత్తన బ్యాంకు చేజారితే, 2015లో స్వాల్‌బార్డ్ నుంచి తమ ప్రతులను వెనక్కి తెప్పించుకుని లెబనాన్, మొరాకోల్లో మళ్లీ పండించారు. అసలు దానితో ఎలాంటి లంకె లేకపోవడమే ఆ ప్రతికి ఉన్న బలం. సింక్‌లో లేనిది సరిగ్గా అదే.

పోయాక రాబట్టుకోవచ్చు కదా అంటే, కొంత మేరకే. విండోస్‌లో క్రోమ్ తన ప్రొఫైల్ ఫోల్డర్‌లో బుక్‌మార్కుల ఫైలు పక్కనే ‘డాట్ బ్యాక్’ అనే తోకతో పాత ప్రతి ఒకటి ఉంచుతుంది. క్రోమ్‌ను పూర్తిగా మూసేసి, అసలు ఫైలును పక్కకు తీసి, ఆ ప్రతికి అసలు పేరు పెడితే పోయినవి తిరిగి రావచ్చు. కానీ ఉండేది ఒక్కటే ప్రతి. కంగారులో క్రోమ్‌ను మూసి తెరిచి, ఏదో ఒకటి కదిపితే దాని మీద కొత్తది పడిపోతుంది. ఆ పైన సింక్ మళ్లీ వచ్చి తుడిచేసే ప్రమాదమూ ఉంది కాబట్టి ముందు దాన్ని ఆపాలి. ఫైర్‌ఫాక్స్ ఈ విషయంలో నయం. తేదీలవారీగా 15 దాకా ప్రతులు తనే దాస్తుంది, ఏ తేదీది కావాలో మెనూలోనే ఎంచుకోవచ్చు. ఒకరు చేసిన పని ఇంకొకరికి చేతకాదని నమ్మలేం. ప్రపంచంలో అత్యధికులు వాడే బ్రౌజర్ ఆ పని చేయకపోవడం అశ్రద్ధ అనే అంటాను. ప్రస్తుతానికి మన చేతిలో ఉన్నది ఎక్స్‌పోర్ట్. కంట్రోల్, షిఫ్ట్, ఓ నొక్కితే బుక్‌మార్క్ మేనేజర్ వస్తుంది, మూడు చుక్కల మెనూలో ఎక్స్‌పోర్ట్ ఉంటుంది. వచ్చేది ఒక చిన్న హెచ్‌టీఎంఎల్ ఫైలు. దాని మొదటి వరుసలో ఇప్పటికీ నెట్‌స్కేప్ పేరే ఉంటుంది. ఆ బ్రౌజర్‌కు మద్దతు ఆగిపోయి 2008 మార్చికే కథ ముగిసినా, ఆ ఫైలును మాత్రం నేటి బ్రౌజర్లన్నీ చదువుతాయి. నెలకోసారి, చలాన్లు కట్టిన సాయంత్రం, ఆ ఫైలును తేదీ వేసి పెన్‌డ్రైవ్‌లో పడేయడానికి రెండు నిమిషాలు చాలు. పాస్‌వర్డ్‌ల ఎక్స్‌పోర్ట్ మాత్రం వేరే సంగతి. అది ఎవరైనా చదవగలిగే మామూలు అక్షరాల్లో వస్తుంది. దాన్ని అదే పెన్‌డ్రైవ్‌లో వేసి టేబుల్ సొరుగులో వదిలేస్తే బీరువా తాళం గుమ్మానికి వేలాడదీసినట్టే.

గూగుల్‌లో కొడితే వచ్చేదానికి ఇంత తతంగం ఎందుకని అనేవాళ్లున్నారు. వచ్చేది మొదటి పేజీ. ఫలానా ఫారం, ఫలానా సర్క్యులర్ లోపలెక్కడో ఉంటాయి. ప్రభుత్వ సైటును పోలిన నకిలీలు, పైన తిష్ఠ వేసే ప్రకటనలు ఉండనే ఉన్నాయి. గడువు రోజు సాయంత్రం హడావుడిలో ఏది అసలో ఏది నకిలీయో తేల్చుకునే ఓపిక ఎవరికుంటుంది? ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. బుక్‌మార్కులు దాచినా లింకులే బతకవు కదా! నిజమే. 2020 అక్టోబర్‌లో వచ్చిన తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. 2024లో రాష్ట్రం పొట్టి పేరు టీఎస్ కాస్తా టీజీ అయ్యేసరికి సంస్థల పేర్లతో పాటు వెబ్ చిరునామాలూ మారాయి. 2013 నాటి వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్లకు తెరుచుకోవడం లేదని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తేల్చింది. అందుకే అనుమతి పత్రం, రసీదు, ఉత్తర్వు లాంటివాటికి లింకు సరిపోదు, పేజీని పీడీఎఫ్‌గా దించుకోవాల్సిందే. అలాగని చచ్చిన లింకులను ఏరి పారేయడం తొందరపాటు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత పేజీ భద్రంగా ఉండే అవకాశం ఉంది. దాన్ని వెతకడానికి అది అడిగేది ఆ పేజీ పాత చిరునామానే.