కాలువ గట్టూ – కొండ సైకిలూ

సైకిలు విషయంలో మన సమాజానికి రెండు నాలుకలున్నాయి. పల్లెటూళ్ళో సైకిలు తొక్కేవాడు బండి కొనలేనివాడు. పట్నంలో గేర్ల సైకిలు తొక్కేవాడు ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాడు. ఇద్దరూ చేసే పని ఒక్కటే. కాని ఒకరిని చూసి జాలిపడతాం, మరొకరిని చూసి ముచ్చటపడతాం. పాలక్యాను తగిలించుకుని తెల్లవారకముందే ఐదు మైళ్ళు తొక్కే రైతు ఎవరి మెప్పూ కోరడు. అదే ఐదు మైళ్ళు నెత్తిన టోపీ, చేతికి తొడుగులు వేసుకుని తొక్కితే మర్నాడు నలుగురూ అభినందిస్తారు. ఈ రెండు చూపులూ తప్పేనని నా అభిప్రాయం. సైకిలు పేదరికానికీ గుర్తు కాదు, డాబుకీ గుర్తు కాదు. అదొక సాధనం. దాన్ని ఎక్కడ, ఎలా వాడాలన్నదే అసలు ప్రశ్న.

ఈ మధ్య మన కళాశాల సైకిల్ షెడ్డులో మౌంటెన్ బైకులు కనిపిస్తున్నాయి. లావుపాటి టైర్లు, తిన్నగా అడ్డంగా ఉన్న హాండిలు, మూడేడ్ల ఇరవయ్యొక్క గేర్లు. "మన డెల్టాలో గడ్డివాము కంటే ఎత్తయిన కొండ ఏదిరా? దీనితో ఏం ఎక్కుతావు?" అని మిత్రులు ఎగతాళి చేయడం విన్నాను. ప్రశ్న సబబైనదే. జవాబు కూడా ఉంది. ఈ సైకిలుకు మన ప్రాంతంలో తగిన చోటు కొండ కాదు, కాలువ గట్టు.

ముందుగా ఈ సైకిలు పుట్టుక తెలుసుకోవడం మంచిది. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ ప్రాంతంలో, టమాల్పాయిస్ అనే కొండ మీద నుంచి కొందరు కుర్రాళ్ళు మట్టిదారిన కిందికి సైకిళ్ళు దూకించేవారు. అవి 1930లు, 40ల నాటి లావు టైర్ల పాత సైకిళ్ళు. 1976లో మొదలైన వాళ్ళ పందేనికి 'రీప్యాక్' అని పేరు. ఒక్కసారి దిగేసరికి వెనక చక్రం బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు కాలిపోయేది. మళ్ళీ గ్రీజు దట్టించాల్సి వచ్చేది కనుక ఆ పేరు. తరవాత వాటికి గేర్లు, మంచి బ్రేకులు బిగించారు. 1981లో ఒక కంపెనీ ఇలాంటి సైకిళ్ళను పెద్దఎత్తున అమ్మకానికి పెట్టింది. 1996 అట్లాంటా ఒలింపిక్సులో ఇది పోటీ క్రీడ అయింది. అంటే ఈనాడు అద్దాల దుకాణాల్లో మెరుస్తున్న ఈ సైకిలు నిజానికి పాతసామాన్ల కొట్లో పుట్టింది! పాతవాటిని బాగుచేసుకుని వాడుకున్నవాళ్ళ తెలివిలోంచి వచ్చిన వస్తువును మనం వేలకు వేలు పోసి కొనవలసిన గొప్పగా మార్చుకున్నాం.

ఇక మన గట్టు సంగతి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని మనందరం చిన్నప్పుడే చదువుకున్నాం. కాటన్ దొర ఆ కాలువలను సాగుకు మాత్రమే తవ్వించలేదు, పడవలు నడవడానికి కూడా తవ్వించాడు. అందుకే ఆ లాకులు. పడవకు తాడు కట్టి గట్టు మీద నడుస్తూ మనుషులు లాగేవారు. అంటే ఆ గట్టు మొదటినుంచీ దారే. రైళ్ళు, ఆ తరవాత లారీలు వచ్చాక పడవలు పోయాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ ఒక గొలుసు. 2008లో దీన్ని గోదావరి, కృష్ణలతో కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. గోదావరి నీళ్ళూ కృష్ణ నీళ్ళూ ఏలూరులో కలుస్తాయన్న సంగతి ఆ ఊరివాళ్ళకు వింత కాదు గాని, ఆ నీటి పక్కనే సైకిలు మీద పోయి చూసినవాళ్ళు మనలో ఎందరు?

భూమి లెక్క చూస్తే గట్టు గొప్పతనం తెలుస్తుంది. డెల్టాలో నది ఒడ్డు ఎత్తుగా ఉండి, దూరం పోయినకొద్దీ నేల పల్లమవుతుంది. అందుచేత సాగు కాలువను మెరక వెంబడి తీసుకుపోతారు. అప్పుడే నీళ్ళు రెండు పక్కల చేలకూ వాటంతట అవే పారతాయి. పల్లంలో మురుగు కాలువలుంటాయి. కాబట్టి కాలువ గట్టు చుట్టుపక్కల నేలలో ఎత్తయిన దారి. వాలు మైలుకు కొద్ది అంగుళాలే. లాకు దగ్గర మాత్రం చిన్న ఎక్కుడు వస్తుంది. రొప్పు రాకుండా గంటలకొద్దీ తొక్కవచ్చు. ఒక పక్క నీరు, మరో పక్క వరిచేను, పైన చెట్ల నీడ. తారురోడ్డు మీద లారీ హారను మోత తప్ప మనకు దక్కేదేమిటి?

ఇప్పుడు సైన్సు విద్యార్థిగా రెండు లెక్కలు చెప్పనివ్వండి. వెనక చక్రం మీద 50 కిలోల బరువు పడుతుందనుకుందాం. మామూలు సన్న టైరులో 60 పౌండ్ల గాలి ఉంటే అది నేలను తాకే మేర సుమారు 12 చదరపు సెంటీమీటర్లు. లావు టైరులో 30 పౌండ్లే ఉంటే 24. నేల మీద ఒత్తిడి సగమైంది. సన్న టైరు కోసుకుపోయే మెత్తటి మట్టి మీద లావు టైరు తేలిపోతుంది. రెండోది గేరు. మా ఇంట్లో ఉన్న పాత సైకిలుకు ముందు 44 పళ్ళు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిప్పితే దాదాపు 5.4 మీటర్లు పోతుంది. గేర్ల సైకిలును ముందు 24, వెనక 28 పళ్ళ మీద పెడితే ఒక చుట్టుకు పోయేది 1.75 మీటర్లే. కాలికి కావలసిన బలం మూడో వంతుకు తగ్గింది, చుట్లు మూడింతలయ్యాయి. ప్రకృతి ఎవరికీ అప్పనంగా ఏదీ ఇవ్వదు!

ఈ లెక్కల సారం ఏమిటి? ఎండిన గట్టు మీద ఆ 44 పళ్ళ పాత సైకిలే చాలు. ఇసుక, మెత్తటి మట్టి, గతుకులు తగిలినచోట లావు టైరు, రెండు మూడు గేర్లు నిజంగా ఉపకరిస్తాయి. ఇక ముందు ఫోర్కులో స్ప్రింగులు మనకు దండగ, బరువు చేటు. వర్షాకాలంలో నల్లరేగడి మట్టి మడ్‌గార్డులో ఇరుక్కున్నదంటే ఏ దేశం సైకిలైనా భుజాన మోయవలసిందే. తుమ్మముల్లుకు ఖరీదైన టైరు, చవక టైరు అనే తేడా లేదు. కాబట్టి పంచరు సామాను, చిన్న పంపు దగ్గరుండాలి. సార్వా కోతలు అయ్యాక, ఫాల్గుణం వెళ్ళేవరకూ గట్టు ప్రయాణానికి మంచి రోజులు.

ఇంతవరకూ చెప్పింది ఆనందం మాట. ఇప్పుడు చేదుమాట. ఆ గట్టు రోజురోజుకీ తరిగిపోతోంది. పట్నాల దగ్గర అది చెత్తకుప్ప. చేపల, రొయ్యల చెరువుల లారీలు నడిచి కొన్నిచోట్ల నడుములోతు గోతులు పడ్డాయి. నీటిలో గుర్రపు డెక్క. నేను రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి గనుక మరోమాట కూడా దాచకుండా చెప్పాలి. ఏటా పార పట్టి గట్టును జానెడు జానెడు చెక్కి, మరో రెండు వరసల ఊడ్పు కలుపుకునేది రైతులే. "నేనొక్కణ్ణి మానితే గట్టు నిలబడుతుందా?" అని ప్రతివారూ అంటారు. చివరికి గండి పడినప్పుడు అందరి చేలూ ఒకేసారి మునుగుతాయి.

గట్టును కాపాడాలనగానే కొందరికి 'సుందరీకరణ' గుర్తుకు వస్తుంది. సిమెంటు పలకలు పరిచి, రంగులు వేసి, దీపాలు పెట్టి, టిక్కెట్టు కొట్టడం. దానికి మొదటి మెట్టుగా గట్టు మీద గుడిసెలు పీకించడం. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ఊళ్ళో సెంటు భూమి దొరకకనే ఆ కుటుంబాలు గట్టు ఎక్కాయి. మా చేలో ఊడ్చేదీ కోసేదీ వాళ్ళే. వేరే చోటు చూపించకుండా వాళ్ళను లేపి, ఆ జాగాలో మనం ఆదివారం సైకిళ్ళు తొక్కుకోవడం సరదా అనిపించుకోదు. సైకిలుకు కావలసింది మూడు నాలుగడుగుల మట్టిదారి. అది ఇంటిముందు నుంచి పోయినా ఎవరికీ అడ్డం కాదు. సైకిలు దారి గొప్పతనం ఇదే, ఇంకొకరిని తొలగించకుండా ఇమిడిపోగలదు.

ఇలాంటి పని ఎక్కడైనా జరిగిందా అని అడగవచ్చు. ఇంగ్లండులో కెన్నెట్–ఏవన్ అనే కాలువ పడవలు ఆగిపోయి, లాకులు శిథిలమై పాడుపడింది. స్థానికులు, స్వచ్ఛంద కార్యకర్తలు దశాబ్దాల తరబడి పూడిక తీసి, చందాలు పోగుచేసి, లాకులు బాగుచేస్తే 1990లో అది మళ్ళీ తెరుచుకుంది. ఒకప్పుడు గుర్రాలు పడవల్ని లాగిన ఆ గట్టు మీద ఇప్పుడు సైకిళ్ళు పోతున్నాయి. వాళ్ళకు ఆ కాలువ విహారం. మనకు అన్నం. విహారం కోసమే అంత పాటుపడినప్పుడు, అన్నం పెట్టే కాలువ కోసం మనం ఎంత పాటుపడాలి!

ఆడపిల్లల మాట కూడా ఇక్కడే చెప్పాలి. బీహారు ప్రభుత్వం 2006లో హైస్కూలు బాలికలకు సైకిళ్ళిచ్చే పథకం పెట్టిన తరవాత బడికి వచ్చే అమ్మాయిల సంఖ్య బాగా పెరిగిందని పరిశీలకులు తేల్చారు. మా చెల్లెలు గట్టు మీద సైకిలు తొక్కుతానంటే మా అమ్మ "అటు మనిషి తిరగడు, వద్దమ్మా" అంటుంది. ఆమె భయం అబద్ధం కాదు. కాని మనుషులు తిరగకపోవడానికి మందు మనుషులు తిరగడమే. రోజూ పదిమంది పోయే దారి పదకొండోవారికి భయం కలిగించదు.

ఇక నాన్నల సంగతి. "సెకండ్‌హాండ్‌లోనైనా బండి కొనిపెడతాను గాని, డిగ్రీ చదివేవాడివి సైకిలు మీద పోతే నలుగురూ ఏమనుకుంటారురా?" అని మా నాన్న అంటారు. ఆ మాటలో నా మీద ప్రేమ ఉంది, అంతకుమించి నలుగురి భయం ఉంది. కౌలుకు తీసుకున్న రెండెకరాలకు ఎరువు అప్పు తీరకముందే బండి అప్పు ఎత్తుకునే కుటుంబాలు మా ఊళ్ళో ఎన్నో ఉన్నాయి. ఆ అప్పుకు పెట్రోలు వడ్డీకి వడ్డీ. విద్యార్థులమైన మనం సైకిలు ఎక్కితే మిగిలేది మన డబ్బు మాత్రమే కాదు, ఆ నలుగురి నోరు కూడా కాస్త మూతపడుతుంది.

విద్యార్థి సంఘానికి నా సూచనలు కొన్ని. సైకిల్ షెడ్డులో ఒక పంపు, పంచరు సామాను శాశ్వతంగా ఉంచాలి. మూలపడ్డ పాత సైకిళ్ళు సేకరించి, బాగుచేసి, దూరం నుంచి నడిచివచ్చేవారికి ఇవ్వాలి. కొత్త ఖరీదైన సైకిళ్ళకు సంఘం నిధులు ఖర్చు పెట్టకూడదు. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో ఎన్.ఎస్.ఎస్. శిబిరం గట్టు మీదే జరగాలి. గోతులు పూడ్చి, తుమ్మకంప కొట్టి, చెత్త ఎత్తవచ్చు. లారీలు ఎక్కకుండా గట్టు మొదట్లో రాతి స్తంభాలు పాతమని నీటిపారుదల శాఖకు మహజరు పంపాలి. నెలకొక ఆదివారం అధ్యాపకులతో సహా గట్టు వెంట పోయి, లాకుల దగ్గర లస్కర్లతో మాట్లాడి రావాలి. ఏ తూము ఎప్పుడు ఎత్తుతారో, శివారు చేలకు నీళ్ళు ఎందుకు అందవో వాళ్ళు చెప్పినట్టు మన పాఠ్యపుస్తకం చెప్పదు.

మిత్రులారా, ఇందుకు కొండ సైకిలే అక్కర్లేదు. మీ ఇంటి వసారాలో తుప్పుపట్టిన సైకిలు ఒకటి ఉండే ఉంటుంది. చెయిను కాస్త నూనె అడుగుతోంది, అంతే. వచ్చే వేసవికి కాలువలు కట్టేనాటికి మన గట్టు మీద పారలు పట్టుకుని ఎంతమందిమి ఉంటామో, సంఘం ఈ సంవత్సరం ఏం చేసిందో దాన్నిబట్టే లెక్క కడదాం.