కొరియా పంతులుకు ఇల్లు, కోరుట్ల కూలికి క్యాంపు

మా వాడ పిల్ల ఒకతి గురుకులంలో చదువుకుంది. ఇంగ్లీషు తీసుకుని డిగ్రీ చేసింది, బీ.ఎడ్. చేసింది. తల్లి ముప్పయేండ్లు బీడీలు చేసి ఆ పిల్లను అంతదాక తెచ్చింది. పోయిన ఎండాకాలం ఒక మాపటీలి ఆ పిల్ల అంబేడ్కర్ సంఘం గద్దె కాడికొచ్చి, "పెదనాయినా, కొరియాల ఇంగ్లీషు చెప్పే టీచర్లను పిలుస్తున్నరంట. ఉండేటందుకు ఇల్లు వాళ్లే ఇస్తరంట. నేను పోవచ్చునా?" అని అడిగింది.

మేమందరం నవ్వినం.

ఎందుకు నవ్వినమో ఆ రాత్రి తలుచుకుంటే సిగ్గయింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో పుట్టినోళ్లకు దేశం దాటి పోవుడంటే ఒక్కటే తెలుసు. దుబాయి, మస్కట్, సౌదీ. పోయేది కూలికి. పోకముందే అప్పు. ఇల్లిచ్చి, టికెట్టు పెట్టి, 'సారూ రండి' అని పిలిచే కొలువు లోకంలో ఉన్నా అది మన వాడకు కాదని మేమే తీర్పు చెప్పినం. ఒకప్పుడు దొర చెప్పే మాట అది. ఇప్పుడు దొర అక్కర లేకుండానే మా నోట్లోంచి వచ్చింది.

సిగ్గయినంక సంగతి తెలుసుకున్నం. తెలుసుకున్నది రాస్తున్నం.

కొరియావాళ్లకు ఇంగ్లీషు పిచ్చి మనకంటే ఎక్కువ. బడి అయినంక పిల్లల్ని 'హగ్వాన్' అనే ట్యూషన్ బడులకు తోలుతరు. ఆ బడులు రాత్రి పది దాటి నడవొద్దని సియోల్ నగరంలో కట్టడి పెట్టాల్సి వచ్చిందంటే చూసుకోండి. సర్కారు బడులకు బయటి దేశాల పంతుళ్లను తెచ్చే పథకం 1995లో మొదలైంది. వచ్చే పంతులుకు ఏడాది కాగితం రాస్తరు. సర్కారు బడి అయితే వారానికి 22 గంటల పాఠం. ఒక గది ఇల్లు ఉంటది. ఏడాది నిండినంక ఒక నెల జీతానికి తక్కువ కాకుండా చేతిల పెట్టి పంపాలని అక్కడి చట్టం.

అట్లని ఆ బతుకు పండుగేం కాదు. భాష రాదు, చుట్టం లేడు, చలికాలం ఒంటరి గదిల గోడలకు బూజు. కొందరు హగ్వాన్ యజమానులు చివరి జీతం ఎగబెడుతరు. పదకొండో నెలల ఏదో వంక పెట్టి తీసేస్తరు, ఏడాది నిండితే ఆ నెల జీతం ఇవ్వాల్సి వస్తదని. ఇది వినంగానే మా వాళ్లు గుర్తు పట్టిన్రు. యజమాని బుద్ధి సముద్రం దాటినా మారదు.

కానీ ఒక తేడా ఉంది. ఆ పంతులు తన కాగితం తాను చదువుకోగలడు. ఏ అక్షరం కాడ మోసముందో వేలు పెట్టి చూపగలడు.

ఒక ముచ్చట చెప్తం. కొరియాలో విదేశీ ఇంగ్లీషు పంతుళ్లకు ఎయిడ్స్ పరీక్ష చేసేటోళ్లు. కొరియా పంతుళ్లకు లేదు, బయటోళ్లకే. ఒకసారి చేసి ఊకోలేదు, మళ్లీ చెయ్యమన్నరు. 2009లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక పంతులమ్మ, చెయ్యనంటే చెయ్యనన్నది. కొలువు పోయింది. ఊకోలేదు. ఐక్యరాజ్యసమితిలో జాతి వివక్ష మీద ఉన్న కమిటీ దాకా పోయింది. 2015లో ఆ కమిటీ, కొరియా చేసింది తప్పన్నది. 2017లో కొరియా ఆ పరీక్ష ఎత్తేసింది. 2019లో సియోల్ కోర్టు ఆమెకు 3 కోట్ల వాన్లు నష్టపరిహారం ఇయ్యమన్నది. ఒక్క ఆడమనిషి, పదేండ్లు.

గల్ఫ్‌కు పోయే మన పిలగాండ్ల మెడికల్ తలుచుకోండి. బట్టలిప్పి వరుసల నిలబెడుతరు. ఎన్నడో తగ్గిపోయిన క్షయ మచ్చ ఊపిరితిత్తి మీద కనబడితే 'అన్‌ఫిట్'. కట్టిన పైసలు గోవిందా. ఏ కమిటీకి పోవాలో ఎవలకు తెలుసు?

కొరియా మంచిది, గల్ఫ్ చెడ్డది అనేటందుకు ఇది రాస్తలేం. కొరియా ఇంటికి రెండు తలుపులున్నయి. ముందు తలుపు నుంచి ఇంగ్లీషు పంతులు పోతడు. వెనక తలుపు నుంచి కూలోడు పోతడు. 2004 నుంచి నేపాల్, బంగ్లాదేశ్, కంబోడియా లాంటి దేశాలతో ఒప్పందాలు చేసుకుని కార్ఖానాలకు, పొలాలకు కూలీలను తెచ్చుకుంటున్నరు. మన దేశం ఆ లిస్టుల లేదు. 2020 డిసెంబరులో, గడ్డ కట్టే చలిలో, పోచోన్ అనే చోట కంబోడియా నుంచి వచ్చిన ఒక పొలం కూలి చెల్లె చనిపోయింది. ఆమెకిచ్చిన ఇల్లు ప్లాస్టిక్ కవరు పందిరి లోపలి గది. కూరగాయలు పెంచే పందిరి! దేశం అదే, సర్కారు అదే. పంతులుకు ఇల్లు, కూలికి పందిరి. ఊరికి ఒక దిక్కు ఊరోళ్ల బాయి, ఇంకో దిక్కు మన బాయి చూసి పెరిగినోళ్లకు ఇది విడమరిచి చెప్పాలా?

మాలో ఇద్దరం దుబాయి చేసొచ్చినం. ఒకరం సౌదీల ఖల్లివెల్లి అయి, ఔట్‌పాస్ మీద తిరిగొచ్చినం. మా పొద్దు ఎట్ల గడిచిందో చెప్తం. తెల్లారుజామున మూడున్నరకు లేచుడు. ఎనిమిది మందికి ఒక అర్ర, మంచం మీద మంచం. పొయ్యి కాడ వరుస, కక్కసు కాడ వరుస, బస్సు కాడ వరుస. రాత్రి వండింది డబ్బల కట్టుకపోతే పన్నెండు గొట్టేసరికి పప్పు పులిసేది. అప్పుడు బకాలాల ఖుబ్బూస్ కొనుక్కుని పెరుగుల అద్దుకుని తినుడు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పగటీలి పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండల పని చేయించొద్దని అక్కడ కట్టడి ఉంది. ఆ సంగతి మాకు రెండో ఏడు ఒక మలయాళీ ఫోర్మన్ చెప్తే తెలిసింది. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకునుడు చట్టం ఒప్పదని ఇంటికొచ్చినంక తెలిసింది. రాత్రి ఫోన్‌ల ఇంటికి 'మంచిగనే ఉన్న' అని చెప్పుడు మాత్రం ఎవలూ నేర్పలేదు, అదే వచ్చింది. (క్యాంపుల మాదిగ, మాల, కాపు, రెడ్డి ఒక్క మంచం మీద కింద మీద పన్నం. వంటకాడికొచ్చేసరికి జట్లు మాత్రం ఊరి లెక్కనే కట్టిన్రు. అది మళ్లెప్పుడన్నా రాస్తం.)

మన తొవ్వ ఎప్పటి నుంచి ఇటు పడ్డదో పెద్దలకు యాదికుంటది. 1978లో జగిత్యాల జైత్రయాత్ర. అదే ఏడు అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నరు. వెట్టి చెయ్యనన్న పిలగాండ్లు ఊళ్లె నిలవలేక బొంబాయి పోయిన్రు, అక్కణ్నుంచి ఎడారి పోయిన్రు. సిరిసిల్ల సాంచాల కాడ కూలి గిట్టనోళ్లు భీవండి, సూరత్ పోయిన్రు, వాళ్లల్ల కొందరు గల్ఫ్ పోయిన్రు. దొర ముంగట చెప్పులు విడవాల్సిన పని లేదని పోయినోళ్లు, అక్కడ అర్బాబ్ ముంగట కాగితం మీద వేలిముద్ర వేసిన్రు.

కాగితం అంటే పాస్‌పోర్టు కాడికే రావాలె. 1983 వలస చట్టం కింద పదో తరగతి దాటనోని పాస్‌పోర్టు వేరు. వాడు గల్ఫ్ కలుపుకుని 18 దేశాలకు పనికి పోవాలంటే సర్కారు అనుమతి ముద్ర కావాలె. పది పాసైనోనికి అక్కర లేదు. చదువు రానోన్ని మోసం నుంచి కాపాడేటందుకు పెట్టిన చట్టం, కాదనం. కానీ పది దాటనోడు ఎవలు? బీడీ ఆకు కత్తిరించేటందుకు బడి మాన్పిచ్చిన పిల్ల, సాంచాల కాడ కండెలు చుట్టిన పిలగాడు, జీతమున్న పాలేరు కొడుకు. బడి చదువుల మనకు పెట్టిన గీత పాస్‌పోర్టు దాక వచ్చింది. 2018 జనవరిలో ఢిల్లీ సర్కారు ఇంకొక్క అడుగేసి, ఈ పాస్‌పోర్టులకు నారింజ రంగు అట్ట వేస్తమన్నది. దూరం నుంచే కనబడాలె గదా, వచ్చేటోడు ఎవడో! మెడకు ముంత, నడుముకు తాటాకు ఒకప్పటివి. అందరూ మొత్తుకుంటే ఆ నెల పోకముందే వెనక్కి తీసుకున్నది.

మొత్తుకుంటే పని అయితదనేటందుకు ఇంకొకటి. 2020 సెప్టెంబరులో, గల్ఫ్‌ల మన కూలీలకు ఇయ్యాల్సిన కనీస జీతాన్ని మన సర్కారే 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. వాళ్ల షేక్ తగ్గించలేదు, మన ఢిల్లీ తగ్గించింది! తెలంగాణ హైకోర్టుల కేసు వేస్తే 2021 జులైలో మళ్ల పాత జీతం పెట్టిన్రు. న్యూజిలాండ్ పంతులమ్మ చేసిన పనే ఇది. మనోళ్లు కూడా చెయ్యగలరు. కాగితం చదివినోడు ఒకడు పక్కనుండాలె, అంతే.

అది ఒక్కటే కొరత. దుబాయి కలిగిన యు.ఎ.ఇ.ల 2016 నుంచి ఒక పద్ధతి పెట్టిన్రు. పనికొచ్చేటోనికి జీతం, డ్యూటీ, సెలవు రాసిన కాగితాన్ని అరబ్బీ, ఇంగ్లీషు కాకుండా వాని భాషల కూడా ఇయ్యాలని. మొత్తం 11 భాషలు పెట్టిన్రు. అండ్ల హిందీ ఉంది, ఉర్దూ ఉంది, మలయాళం, తమిళం, బెంగాలీ, నేపాలీ, సింహళం ఉన్నయి. తెలుగు లేదు. ఇండ్లకు ఇండ్లు ఖాళీ చేసి వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్ ముచ్చట ఎవలూ చెప్పలేదు. తెలుగు గొప్పదనం మీద మహాసభలు పెట్టినోళ్లు, తెలుగు మీడియంలనే చదవాలని మన పిల్లలకు బుద్ధి చెప్పి సొంత పిల్లల్ని కాన్వెంటుకు తోలినోళ్లు, ఈ పన్నెండో భాష కోసం ఒక్క ఉత్తరం రాసిన్రా?

2005లో దుబాయిల ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసుల సిరిసిల్ల ప్రాంతపోళ్లు జైలుకు పోయిన్రు. ఆ కోర్టు మాట అరబ్బీ. వీళ్లది సిరిసిల్ల తెలుగు. ఐదుగురు ఇండ్లు చేరేటప్పటికి 2024 ఫిబ్రవరి. పద్దెనిమిదేండ్లు. పోయేనాడు పాలు తాగే పిల్లలు, వచ్చేనాటికి పెండ్లీడుకొచ్చిన్రు.

ఇగ ఇంగ్లీషు సంగతి. తెలంగాణల 2022-23 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టిన్రు. మేము మంచిదే అన్నం, ఇప్పుడూ అంటున్నం. కానీ ఇంగ్లీషు వచ్చినంత మాత్రాన ముందు తలుపు తెరుచుకోదు. కోరుట్ల, సిరిసిల్ల ప్రైవేటు బడులల్ల ఇంగ్లీషు చెప్పే మన ఆడపిల్లల్ని అడగండి. నియామకం కాగితం లేదు, ఎండాకాలం జీతం లేదు. కరోనాల బడులు మూసినంక వీళ్ల పొయ్యి ఆరిపోతే, 2021 ఏప్రిల్‌ల సర్కారు నెలకు 2,000 రూపాలు, 25 కిలోల బియ్యం ఇస్తమన్నది. ఇంగ్లీషు పంతులమ్మ రేషన్ దుకాణం ముంగట సంచి పట్టుకుని నిలబడ్డది. అంటే పంతులు కూడా, ఎవల ఇంట్ల పుట్టిన పంతులనే లెక్క మీద, కూలే.

కొరియా కూడా అదే లెక్క చూస్తది. ఇంగ్లీషు చెప్పే వీసా ఏడు దేశాలోళ్లకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మనకు ఒక చిన్న సందు మాత్రం ఉంది. 2010 జనవరిలో అమలుకొచ్చిన భారత్-కొరియా ఒప్పందం కింద, డిగ్రీతో పాటు ఇంగ్లీషు టీచరు సర్టిఫికెట్ ఉన్న భారతీయులు అక్కడ తోడు పంతుళ్లుగా పోవచ్చు. అంటే మేము నవ్వినం గని, ఆ పిల్ల అడిగింది కలగన్న మాట కాదు. ఆ సందు ఎంత ఇరుకో, తట్టిన తలుపు తీస్తరో తియ్యరో వేరే మాట. ఆ పిల్ల ఇప్పుడు పోలీసు కాగితం, డిగ్రీ మీద అపోస్టిల్ ముద్ర కోసం తిరుగుతున్నది.

ఆ పిల్లను మేమొకటి అడిగినం. పోయేదాక, వాడల నుంచి గల్ఫ్ పోయే ప్రతోని కాగితం సంఘంల కూసుండి చదివి తెలుగుల చెప్పమన్నం. ఇప్పటికి తొమ్మిది మందివి చదివింది. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదా, తీసుకోవాల్సింది 30,000 రూపాలు, దాని మీద పన్ను మాత్రమే గదా, విజిట్ వీసా మీద పనికి తోలుతున్నడా, పది లక్షల ప్రవాసీ బీమా కట్టిండా, ఇవి ముందు అడుగుతది. అడిగినందుకే ఇద్దరు ఏజెంట్లు మళ్ల మా వాడకు రాలేదు.

పోయిన నెల ఒక పిలగాని కాగితం చదివింది. ఏజెంటు నోటితోటి చెప్పిన జీతం 1,200 దిర్హాలు. కాగితం మీద 900. మా ముంగటనే పిలగాడు ఫోన్ కొట్టిండు. "అట్లనే రాస్తరు తమ్మీ, అక్కడ పోయినంక ఓవర్‌టైం ఉంటది" అన్నడు ఆయన. పిల్ల ఫోన్ తీసుకుని, "ఓవర్‌టైం గంటకు ఎంతనో కాగితంల ఏడున్నదన్నా, జర చూపెట్టు" అన్నది. అవతల ఫోన్ పెట్టేసిన్రు.

అప్పటికే లక్షా పదివేలు కట్టిండు, నూటికి మూడు రూపాల మిత్తికి తెచ్చి. పోవాలా, వద్దా? వాళ్ల నాయిన, అన్న, మేము నలుగురం తెల్లారేదాక గద్దె మీద కూసున్నం. పొద్దు పొడిచినంక పిలగాడు టికెట్టు చింపలేదు, బ్యాగూ సర్దలేదు. కాగితం జిరాక్సు తీయించుకుని, అందరం కలిసి జగిత్యాల ఏజెంటు దుకాణానికి పోదాం అన్నడు. ఆరుగురం పోయినం. షట్టర్ దించి ఉంది. సోమవారం మళ్ల పోతున్నం.