నాలుక చుట్టే పాఠం ఇక చాలును

నాలుకను గొట్టంలా చుట్టగలగడం ఒకే జన్యువు వల్ల కలిగే బహిర్గత లక్షణమని ఇంకా బోధిస్తున్న ఉపాధ్యాయ మిత్రులారా, ఒక్క క్షణం ఆగండి. 1940లో ఆ మాట అన్నవాడు స్టర్టివాంట్. 1952లో మాట్‌లాక్ 33 జతల సమరూప కవలలను పరిశీలించగా, 7 జతలలో ఒకరు చుట్టగలిగారు, రెండవవారికి చేతకాలేదు. దీనిని ఇంకా రుజువైన ఉదాహరణగా చూపుతున్నారని స్టర్టివాంటే 1965లో సిగ్గుపడ్డాడు. మనకు మాత్రం ఆ సిగ్గు లేదు!

చుట్టలేని దంపతులకు చుట్టగల బిడ్డ పుట్టరాదని మన నాలుగు గళ్ళ పట్టిక తీర్పు చెబుతుంది. ఆ బిడ్డ మీ తరగతిలోనే కూర్చుని ఉంటే? ఇంటికి వెళ్ళి అమ్మను ఏమని అడగాలి?

గళ్ళ పట్టికకు తగిన పాఠం వేరే ఉన్నది. ఒడిశాలోను, మహారాష్ట్రలోను బోధించేవారికి కొడవలి కణ వ్యాధి దూరపు ముచ్చట కాదు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. నలుగురిలో ఒకరికే వస్తుందని దీని అర్థం కాదు. నలుగురికీ రాకపోయే అవకాశం 256లో 81 పాళ్ళు. పెద్దబిడ్డకు వచ్చింది గనుక రెండవబిడ్డకు భయం లేదనుకొనే ఇంటికి ఈ లెక్క ఎవరు చెప్పాలి? ఆ ఇంటి భాష తెలుగైతే లెక్క తెలుగులోనే అందాలి. వాహకుడంటే రోగి కాదని కూడా విడమరచి చెప్పండి. పిల్లలు తికమకపడేది ఆ పదం దగ్గరే.