68 శాతం ఉంది, కారు మాత్రం కదల్లేదు

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బాబాయ్ వాళ్ల ఎలక్ట్రిక్ కారు 12 రోజులు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంది. తిరిగొచ్చిన మర్నాడు నాన్నమ్మకి కంటి ఆపరేషన్. ముందు రాత్రి యాప్‌లో 68 శాతం ఛార్జ్ చూసి నేనే ధైర్యం చెప్పాను. పొద్దున రిమోట్ నొక్కితే చప్పుడే లేదు. చివరికి ఆటోలో వెళ్లాం.

మెకానిక్ వచ్చి చూస్తే పెద్ద బ్యాటరీ బాగానే ఉంది. పడిపోయింది బానెట్ కింద ఉన్న చిన్న 12 వోల్టుల బ్యాటరీ.

ఎలక్ట్రిక్ కారులో కూడా లాకులు, లైట్లు, కంప్యూటర్లు దాని మీదే నడుస్తాయి. పెద్ద బ్యాటరీ చాలా కార్లలో 300-400 వోల్టులు. అందుకే కారు ఆపగానే కాంటాక్టర్లనే స్విచ్‌లు దాన్ని భద్రత కోసం విడదీస్తాయి. మళ్లీ కలపాలంటే ఆ స్విచ్‌లకి చిన్న బ్యాటరీ కరెంటే కావాలి. గాదె నిండా వడ్లున్నా తాళం చెవి పోయినట్టన్నమాట.

కారు నడుస్తున్నప్పుడు డీసీ-డీసీ కన్వర్టర్ పెద్ద బ్యాటరీ కరెంటుని సుమారు 14 వోల్టులకి తగ్గించి చిన్నదాన్ని నింపుతుంది. మరి పార్క్ చేసినప్పుడు? కొన్ని కార్లు మధ్యమధ్యలో తామే లేచి, వోల్టేజ్ చూసుకుని, నింపుకుని పడుకుంటాయి. కొన్ని అలా చేయవు. అలారం, నెట్‌వర్క్ మాడ్యూల్ మాత్రం కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటాయి. యాప్ నుంచి అడిగిన ప్రతిసారీ నిద్రలేచే కార్లూ ఉన్నాయి. ఊళ్లో ఫ్రెండ్స్‌కి చూపించడానికి ఆ యాప్ ఎన్నిసార్లు తెరిచానో నాకే లెక్క లేదు. ఈ పాపంలో నా వాటా కూడా ఉందేమో!

ఇది ఈఈఈ వాళ్ల గొడవ, మనకెందుకు అనుకున్నా మొదట. కాదు. కారు ఎప్పుడు లేవాలి, ఏ వోల్టేజ్ దగ్గర నింపాలి, పెద్ద బ్యాటరీయే తక్కువుంటే ఏం చేయాలి, బానెట్ తెరిచి ఎవరైనా చెయ్యి పెడితే ఆగాలా? ఇవన్నీ కోడ్‌లో రాసే నిర్ణయాలే. రేపు రాసేది మనలో ఎవరో ఒకరు.

అందుకే నా మాట ఇది: యాప్‌లో పెద్ద శాతం పక్కనే చిన్న బ్యాటరీ పరిస్థితి కూడా కనిపించాలి. తగ్గుతుంటే ముందే మెసేజ్ రావాలి. ఎన్ని రోజులు వదిలేయొచ్చో మాన్యువల్‌లో మామూలు మాటల్లో రాయాలి. ఎక్కువ వివరాలిస్తే జనం కంగారు పడతారంటారు కొందరు. సెల్లార్‌లో ఆ పొద్దున మేం పడ్డ కంగారు కంటేనా?

ఆటోలో నాన్నమ్మ ఒకటే అడిగింది: "ఏరా, రాత్రి నిండుగా ఉందన్నావుగా?" నేను చూసిన స్క్రీన్ అబద్ధం చెప్పలేదు. సగమే చెప్పింది.