లిప్‌స్టిక్ గుర్తులు

యుద్ధ సినిమాల్లో చరిత్ర తప్పులు ఏరేవాళ్లు విమానాల దగ్గరే ఎందుకు ఆగిపోతారో నాకర్థం కాదు. మైకేల్ బే తీసిన 'పెర్ల్ హార్బర్' (2001) చూడండి. ఫైటర్లు నడిపే ఇద్దరు కుర్రాళ్లు 1942 ఏప్రిల్‌లో బాంబర్లెక్కి జపాన్ మీదికి వెళ్తారు. నిజానికి ఆ దాడికి ఎంచుకున్నది బాంబర్ దళాల వాళ్లని. చక్రాల కుర్చీలోంచి రూజ్‌వెల్ట్ లేచి నిలబడతాడు. సరే, నవ్వుకుని వదిలేద్దాం.

నాకు ఒళ్లు మండేది ఎవెలిన్ దగ్గర. నేవీ నర్సు. బాంబులు పడుతుంటే క్షతగాత్రుల నుదుళ్ల మీద లిప్‌స్టిక్‌తో గుర్తులు పెట్టి, ఎవర్ని ముందు లోపలికి పంపాలో తేలుస్తుంది. ఆ కాసేపే ఆమె మనిషి. మిగతా సినిమా అంతా ఇద్దరు స్నేహితుల మధ్య చేతులు మారే ప్రియురాలు. ఒకడు పోతే, బిడ్డతో సహా రెండోవాడికి.

1941 డిసెంబర్ 7న హికమ్ ఫీల్డ్ ఆసుపత్రిలో హెడ్ నర్సు ఆనీ ఫాక్స్. దాడి ఉధృతంగా ఉండగానే ఆపరేషన్లకి మత్తుమందిచ్చింది, గాయాలు చూసింది, సాయానికొచ్చిన స్త్రీలకి కట్లు తయారుచేయడం నేర్పింది. రెండో ప్రపంచ యుద్ధంలో పర్పుల్ హార్ట్ అందుకున్న మొదటి స్త్రీ ఆమే (1942). తర్వాత నియమాలు మారాయి. గాయపడలేదు కనక 1944లో దాని బదులు బ్రాంజ్ స్టార్ ఇచ్చారు. (గాయాలు కట్టిన చేతులు లెక్కలోకి రావన్నమాట!) మూడు గంటల సినిమాలో ఆమె పేరే వినపడదు.

"ప్రేమకథ లేకపోతే ఆడవాళ్లు యుద్ధ సినిమా చూడరు కదండీ" అన్నాడొక సెమినార్లో తోటి పరిశోధకుడు. గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. ఇంటర్‌లో ఉండగా టీవీలో ఈ సినిమా చూసి నేనూ డానీ కోసమే ఏడ్చాను. ఫాక్స్ పేరు అప్పటికి వినలేదు.