దమయంతి మేడ ఎవరిది?

మొన్న ఆదోనిలో ఒక సాహిత్య సభలో ఒక పెద్దాయన కాలేజీ కుర్రకారును మందలించారు: "ప్రేమంటే ఏమిటో తెలియాలంటే రవివర్మ దమయంతిని చూడండి. అదీ మన సంస్కృతి!" సభ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. ఎందుకో చెబుతాను.

ఎమ్మిగనూరులో మా అవ్వ ఇంట్లో గుంటమగ్గం పైన ఆ పటమే వుండేది. రాతి స్తంభాలు, పిట్టగోడ, దానిమీద హంస, పక్కన ఎర్రచీరలో దమయంతి. ఆమె చేతికి పని లేదు. పటం కింద మా అవ్వ రాట్నం ముందు కూచుని తాత మగ్గానికి కండెలు చుట్టేది. ఆ కండెలకు వేరే కూలి లేదు. ఆ బతుకును ప్రేమ అన్నవాడూ లేడు.

ఇంతకూ ఆ మేడ ఏ వూళ్ళో వుంది? ఏ వూళ్ళోనూ లేదు. 1499లో వెనిస్‌లో అచ్చయిన పోలిఫిలో కథలో కూడా నాయకుడు ప్రియురాలికోసం లేని సౌధాల మధ్య తిరుగుతాడు. అయితే ఆ పుస్తకం దాన్ని కల అనే చెప్పుకుంది. మనం మాత్రం కలను చరిత్ర అంటున్నాం!

రవివర్మ ఈ చిత్రం వేసింది 1899లో. అంతకు అయిదేళ్ళ ముందు బొంబాయిలో ఆయన పెట్టిన అచ్చుకూటానికి యంత్రాలు జర్మనీ నుంచి వచ్చాయి. రంగుకొక రాయి చొప్పున పటాలు అచ్చయ్యాయి. అందులో తప్పేమీ లేదు. గుడిలోకి రానివ్వని వాళ్ళ ఇళ్ళకు దేవుళ్ళు వచ్చింది ఇలాంటి పటాలతోనే. ఆ మేలు కాదనను. దాన్ని సనాతనమంటేనే ఒప్పుకోను.

సనాతనమే కావాలంటే నన్నయ అరణ్యపర్వం తెరవండి. ఇద్దరికీ మిగిలిన ఒక్క చీరను సగం కోసుకుని, నిద్రపోతున్న దమయంతిని నలుడు అడవిలో వదిలిపోతాడు. సగం చీర విలువ మగ్గం ఇంటివాళ్ళకు చెప్పక్కరలేదు. ఆమె చేది రాజు ఇంట సైరంధ్రిగా పనిచేస్తుంది. చివరికి ఉపాయం పన్ని మొగుణ్ణి తానే రప్పించుకుంటుంది. శ్రీనాథుడి నైషధం అంతదూరం పోదు, పెళ్ళి వేడుకలతో ఆగుతుంది. పటం పెళ్ళిదాకా కూడా పోదు. పెద్దలకు నచ్చింది ఆ ఎదురుచూపే, ఎదురుచూసే ఆడది ఏమీ అడగదు గనక.

కాని ఆ దమయంతే స్వయంవరంలో దిక్పాలకులను కాదని తనకు నచ్చిన మనిషి మెడలో దండ వేసింది. చప్పట్లు కొట్టిన పెద్దలను ఒక్కటే అడుగుతున్నాను: మీ కూతురు రేపు హంసచేత కబురంపితే, మీరు మొదట అడిగేది కులం కాదూ?