వంట మనది, ఖాతా ఎవరిది?

ఆ మధ్య మార్కాపురంలో పొదుపు సంఘాల స్త్రీలతో మాట్లాడి లేవబోతుండగా ముగ్గురు నా దగ్గరికొచ్చారు. వాళ్ళలో చిన్నామె అడిగింది: "అక్కా, యూట్యూబ్‌లో వంటల చానల్ పెడదామనుకుంటున్నాం. అన్నీ వండితే ఎవురూ చూడరంట. ఏదో ఒకటే పట్టుకోవాలంట. మేం ఏది పట్టుకోవాల?"

నిజం చెప్పాలంటే నాకు చిరాకేసింది. డ్వాక్రా రోజుల నుంచీ స్త్రీలకు ఉపాధి అనగానే పచ్చళ్ళు, అప్పడాలు, కుట్టుమిషను. ఇప్పుడు ఆ జాబితాకి కెమెరా కూడా తోడైందన్నమాట అనుకున్నాను. వంటింటి నుంచి బయటపడడం గురించి ఇన్నేళ్ళుగా మాట్లాడుకుంటున్న మనం, మళ్ళీ ఆ పొయ్యి దగ్గరే కూర్చోమని సలహా ఇవ్వాలా? కానీ తిరుగు బస్సులో ఆలోచిస్తుంటే ఆ ప్రశ్న నేననుకున్నంత తేలికైనది కాదనిపించింది.

ఒక్కటే పట్టుకోమన్న సలహాలో తప్పులేదు. చికెన్ బిర్యానీ ఎలా వండాలో చూపించే వీడియోలు వేల సంఖ్యలో వున్నాయి. మంచి దీపాలు, రెండు మూడు కెమెరాలు వున్నవాళ్ళతో గిద్దలూరు పల్లెలోని ఒక ఫోను పోటీ పడలేదు. పైగా ప్రకటనల డబ్బు రావాలంటే యూట్యూబ్ పెట్టిన షరతు వుంది: వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ. మనిషికి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేస్తే అది 60,000 సార్లు చూడడం. (చిన్న వీడియోలకు వేరే లెక్క వుంది.) దారిన పోతూ ఒకసారి తొంగిచూసేవాళ్ళతో అది కుదరదు, మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు కావాలి. మళ్ళీ రావాలంటే ఇంకెక్కడా దొరకనిది ఇక్కడ దొరకాలి. అంతా అయ్యాక ఆ వీడియోల మీద వచ్చే ప్రకటనల డబ్బులో నూటికి 45 రూపాయలు కంపెనీ వుంచుకుని 55 ఇస్తుంది.

అయితే ఆ "ఒక్కటి" ఏదో ఎవరు నిర్ణయిస్తున్నారు? అడిగేది ఇక్కడ.

తెనాలి ప్రాంతంలోని గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ మనందరికీ గుర్తుంది. 2016లో ఆమె మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి 'కంట్రీ ఫుడ్స్' చానల్ మొదలుపెట్టారు. నూరేళ్ళు దాటిన ముసలామె ఆరుబయట కట్టెల పొయ్యి మీద, పుచ్చకాయలో కోడిమాంసం వండుతుంటే ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో ఆమె చనిపోయేనాటికి చందాదారులు పది లక్షలు దాటారు. ఆ పిల్లలు ఆమెను ప్రేమగా చూసుకున్నారు, వాళ్ళని వేలెత్తి చూపడం నా వుద్దేశం కాదు. కానీ అక్కడ ప్రత్యేకత ఏమిటి? ఆమె వయసు. పదకొండో ఏట పెళ్ళయి, ఇరవై రెండో ఏట భర్తను పోగొట్టుకుని, కూలిచేసి పిల్లల్ని సాకిన మనిషి పొయ్యి దగ్గర తెలుసుకున్నదేమిటో మనం అడగనేలేదు. ఆమె బోసినవ్వు చూసి మురిసిపోయాం.

మరోవైపు "సంప్రదాయ వంటలు" అన్న పేరుతో నడిచేవి చూడండి. ఎవరి సంప్రదాయం? చాలాచోట్ల అది ఏదో ఒక కులం ఇంటి వంటే. ఆ కులం పేరు చెప్పనక్కర లేకుండానే "తెలుగు వంట" అయిపోతుంది. మిగిలినవాళ్ళ తిండికి మాత్రం ఏదో ఒక విశేషణం తగిలించాలి.

కెమెరా స్త్రీల చేతికి వస్తే ఎలా వుంటుందో చూడాలంటే జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌కి వెళ్ళాలి. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు యూట్యూబ్ పుట్టకముందే వీడియో తీయడం నేర్చుకున్నారు. 2008లో తమ రేడియోనే పెట్టుకున్నారు. చిరుధాన్యాలు పట్నాల అంగళ్ళలో అద్దాల సీసాలకెక్కక ముందే వాటి గురించి విత్తనంతో సహా చెప్పింది వాళ్ళు. ఏం చూపాలి, ఎక్కడ ఆపాలి అన్నది వాళ్ళ నిర్ణయం.

మళ్ళీ మార్కాపురానికి వస్తాను. తర్వాతిసారి వెళ్ళినప్పుడు ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి, "మీకు తెలిసి, పట్నం చానళ్ళకి తెలియనిది ఏమిటి?" అని అడిగాను. సజ్జరొట్టె అన్నారు, కొర్రన్నం అన్నారు. రెండు రూపాయల బియ్యం వచ్చాక అవి పేదతిండి అని సిగ్గుపడి మానేశామనీ, ఇప్పుడు షుగరొచ్చినవాళ్ళు ఎక్కువ డబ్బుపెట్టి కొంటున్నారనీ నవ్వారు. (జబ్బు నయమవుతుందని మాత్రం వీడియోలో చెప్పొద్దన్నాను.) అప్పుడు పెద్దామె మామూలుగా ఒక మాటంది: "మా బోరు నీళ్ళల్లో పప్పు వుడకదమ్మా."

నేను రాసుకుంటున్నది ఆపేశాను. కంది ఈ ప్రాంతపు పంట. తమ చేలో పండిన కందిపప్పు తమ నీళ్ళలో వుడకదు! సున్నపు లవణాలు ఎక్కువైన నీళ్ళలో పప్పు మెత్తబడదు. దానికి వాళ్ళు కనిపెట్టుకున్న వుపాయాలు ఎన్నో: ముందుగా నానబెట్టడం, పప్పుకి మాత్రం కొన్న క్యాన్ నీళ్ళు వాడడం, మెత్తబడేదాకా చింతపండు వెయ్యకపోవడం, చిటికెడు వంటసోడా. గిన్నెలు కడిగే నీళ్ళు మిగలాలంటే ఏ రోజు ఏం వండాలో కూడా ట్యాంకర్‌ని బట్టి తేల్చుకుంటారు. 1996లో పునాదిరాయి పడిన వెలిగొండ కోసం దశాబ్దాలపాటు ఎదురుచూసిన ప్రాంతపు స్త్రీలకి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది ఈ విద్య? కరువు నీళ్ళలో వంట. ఇది అనంతపురానికి కావాలి, పాలమూరుకి కావాలి. ఫ్లోరైడ్ నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుందన్న సంగతి కూడా పప్పు వుడికేలోపు చెప్పొచ్చు.

దీన్ని ఎంచుకోమనడానికి మరో కారణం వుంది. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం మనదేశంలో జీతం లేని ఇంటిపని మీద, ఆ పని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. వీడియో కోసం వేరే వంట వండితే ఆ 289 ఇంకా పెరుగుతాయి. పలకల పనికో మిరపకోతకో పోయే మనిషి తెల్లవారుజామున ఎలాగూ వండే వంటనే చూపాలి. అందులో పట్టుచీరకి చోటుండదు, అదీ మంచిదే.

ఖాతా విషయం అడిగితే ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఫోను ఒకామె భర్తది, మెయిల్ ఇంకొకామె కొడుకుది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మందే. జమయిన డబ్బు వంద డాలర్లకి చేరాక పడేది ఆ ఖాతాతో ముడిపడ్డ బ్యాంకులోనే. అది కొడుకుదైతే వంట అమ్మది, సంపాదన కొడుకుది. కూలిడబ్బు మగవాళ్ళ చేతిలో పెట్టి సారాకి పోతుంటే చూసి తిరగబడ్డ జిల్లాలివి. పాన్ కార్డు, బ్యాంకు, మెయిల్, తాళంమాట నాలుగూ స్త్రీ పేరనే వుండాలని, ముగ్గురి వాటా ముందే కాగితం మీద రాసుకోవాలని గట్టిగా చెప్పాను. మన సంఘాలు శిక్షణ ఇచ్చేటప్పుడు కూడా కెమెరా పట్టుకోవడం రెండోరోజుకి వాయిదా వేసి, మొదటిరోజు ఈ పని చేయించాలి.

ఇంతసేపూ మాట్లాడని మూడో ఆమె చివర్లో అంది: "పప్పొక్కటేనా? మా ఇంట్లో ఎండు తునకల కూర బాగా చేస్తాం." మిగతా ఇద్దరూ ఏమీ అనలేదు. ఒకే సంఘం, ఒకే అప్పు పుస్తకం, ముగ్గురివీ మూడు కులాలు. ఒక్కటే పట్టుకోవడమంటే దేన్ని వదిలేస్తున్నామో కూడా తెలియాలి కదా. నేనూ ఆ క్షణాన ఏం చెప్పాలో తోచక టీ తాగుతూ కూర్చున్నాను.

పోయినవారం ఫోన్ చేసింది చిన్నామె. మెయిల్ ముగ్గురూ కలిసి తెరిచారట. బ్యాంకు ఖాతా పెద్దామెది. మొదటి వీడియో పప్పే. ఎవరి ఇంట్లో తీయాలన్నది మాత్రం ఇంకా తేలలేదట.